అడగకుండా కొమ్మ, పెంచకుండా పేరు: పాత గులాబీ సొంతదారులకు 14 చిట్కాలు

మిషన్ బంగళా గోడ పక్కన, సమాధుల తోటలో, ఖాళీ చేసిన రైల్వే క్వార్టర్ల వెనక, ఎవరో తాతమ్మ నాటిన బావి గట్టు మీద... ప్రతి ఊళ్లో ఒక పాత గులాబీ ఉంటుంది. దాని పేరు ఎవరికీ తెలియదు. నర్సరీలో అడిగితే దొరకదు. వాసన మాత్రం వీధి మలుపు దాకా వస్తుంది. 1867లో ఫ్రాన్సులో ‘లా ఫ్రాన్స్’ అనే గులాబీ వచ్చింది. ఆ ఏడాదికి ముందే ఉన్న వంశాలన్నిటినీ పాత గులాబీలంటారు. చైనా, టీ, డమాస్కు, బూర్బన్, నోయిసెట్ వంటివన్నీ ఆ లెక్కలోవే. ఇలాంటిది ఒక్కటి మీ మిద్దె తోటలో ఉందంటే చాలు, కాలనీలో మీ గౌరవమే వేరు.

దీనికి ఓపిక కావాలి, చదువు కావాలి అని కొందరు భయపెడతారు. వినకండి. సంచి ఉంటే చాలు. ఫోను ఎలాగూ ఉంది. సాకులు ఎలా చెప్పాలో చివర్లో నేర్పిస్తాను. వరసగా పాటించండి. కొమ్మ మీదవుతుంది, పేరు మీదవుతుంది, నింద మాత్రం ఇంకొకరికి పోతుంది.

1. అడగకండి, కోసేయండి. గేటు తట్టి అడిగితే ఆ ఇంటావిడ మొక్క చరిత్రంతా చెబుతుంది. ఎవరు నాటారు, ఏ ఊరి నుంచి తెచ్చారు, ఏ నెలలో పూస్తుంది, ఆ పూలతో అత్తగారు ఏం చేసేవారు... అదంతా రాసుకునే బాధ మీకెందుకు? అమెరికాలోని టెక్సస్‌లో 1980ల నుంచి రోజ్ రస్లర్స్ అనే బృందం పాత గులాబీల కోసం ఊళ్లు, సమాధుల తోటలు తిరుగుతోంది. వాళ్లు ముందు అనుమతి అడుగుతారు, కొద్దిగా కోసుకుంటారు, తల్లి మొక్కకి హాని లేకుండా చూస్తారు. అంత తీరిక మనకి లేదు. మధ్యాహ్నం రెండింటికి, ఇంటివాళ్లు కునుకు తీసే వేళకి వెళ్లండి. పట్టుబడితే “పూజకి రెండు పువ్వులు పిన్నిగారూ” అనండి. పూజకంటే మన దగ్గర ఎవరూ కాదనరు. సమాధుల తోటలో వాచ్‌మన్ అడిగితే “తాతగారి సమాధి వెతుకుతున్నాం అన్నా” అని కాస్త గొంతు తగ్గించి చెప్పండి.

2. మూడొంతులు తెచ్చుకోండి. రెండు కొమ్మలతో తృప్తిపడకండి. మీరు వదిలేసింది వెనకాల వచ్చినవాడు పట్టుకుపోతాడు. వీలైతే మొదలు కంటా నరికేయండి. వేళ్లతో పెకలించగలిగితే మరీ మంచిది, ఇక కొమ్మలు నాటే శ్రమే ఉండదు. అరవై డెబ్బై ఏళ్లుగా ఆ గోడ పక్కనే పాతుకున్న మొక్క వేసవిలో తవ్వి తీస్తే బతకదని తోటమాలులు అంటారు. బతుకుతుందో లేదో ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చు.

3. రోహిణి కార్తెలో బయల్దేరండి. వానలు పడుతున్నప్పుడు గాని, చలి మొదలయ్యేటప్పుడు గాని కొమ్మలు నాటితే వేళ్లు బాగా పడతాయని అందరూ చెబుతారు. ఆ రోజుల్లో గాలిలో తేమ ఉంటుంది, కొమ్మ ఎండిపోదు. కానీ అప్పుడు జనం కూడా బయటే ఉంటారు. రోళ్లు పగిలే ఎండలో అయితే వీధిలో కుక్క కూడా కనపడదు. మీకు కావాల్సింది తేమ కాదు, ఏకాంతం.

4. అందంగా ఉన్న కొమ్మే కోయండి. పువ్వు రాలిపోయిన కొమ్మ చూసుకుని, పెన్సిలంత లావున్న భాగం తీసుకుని, జానెడు పొడుగుతో మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయాలంటారు. ముల్లుని పక్కకి నొక్కితే టక్కున ఊడాలట, అప్పుడే కొమ్మ సరిగ్గా ముదిరినట్టట. ఇన్ని పరీక్షలు మనం ఉద్యోగానికి కూడా రాయలేదు. లేతగా, ఎర్రగా, కొసన మొగ్గ ఉన్న చిగురు కోయండి. ఫోటోకి అదే బాగుంటుంది. మొగ్గ తుంచేయకండి. కొమ్మలో ఉన్న బలమంతా మొగ్గకే పోయి వేళ్లకి మిగలదంటారు. పోనివ్వండి. పువ్వు ఇప్పుడే కనిపిస్తుంది, వేళ్లు ఎవరికి కనిపిస్తాయి?

5. కత్తెర తుడవకండి. సికేచర్ లేకపోతే వంటింటి చాకు, అదీ లేకపోతే చెయ్యి. మెలితిప్పి లాగితే ఏ కొమ్మైనా వస్తుంది. బెరడు చీలి మొదలుదాకా వెళ్లినా కంగారు పడకండి, ఆ మొక్క మీది కాదు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేటప్పుడు బ్లేడుని స్పిరిట్‌తో తుడవమనేవాళ్లున్నారు. మొదళ్ల దగ్గర కణుతులు తెచ్చే బాక్టీరియా, కొమ్మలు పైనుంచి కిందికి ఎండగొట్టే తెగులు కోసిన గాయాల్లోంచే ఎక్కుతాయి. మీరు తుడవకపోతే సమాధుల తోటలో ఉన్న జబ్బు మీ ఇంటి గులాబీలన్నిటికీ ఒక్కరోజులో అందుతుంది. విడివిడిగా అంటించే పని తప్పుతుంది.

6. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. తడి న్యూస్‌పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో వేసి, నీడలో ఉంచి తీసుకెళ్లడం పాతకాలపు చాదస్తం. అద్దం ముందు పెడితే దారి పొడుగునా మీ వేటని అందరూ చూస్తారు. దారిలో టిఫిను చేయండి, బంధువుల ఇంటికి వెళ్లండి, భోజనానికి కూర్చోండి. ఇల్లు చేరేసరికి ఆకులు వాడితే బకెట్టు నీళ్లలో ముంచి నాలుగు రోజులు మరిచిపోండి. నీళ్లు వాసన వచ్చాయంటే నాటే టైమైందన్నమాట.

7. వంటింటి సరుకులన్నీ కలిపి పూయండి. నర్సరీల్లో ఐబీఏ అనే హార్మోను పొడి దొరుకుతుంది. కొమ్మ మొదలుని అందులో కొద్దిగా అద్ది, ఎక్కువైంది దులిపేసి నాటితే వేళ్లు త్వరగా పడతాయి. డబ్బు పెట్టి కొనాలి కాబట్టి వద్దు. తేనె, పసుపు, దాల్చినచెక్క, కలబంద గుజ్జు, ఆస్పిరిన్ మాత్ర... వీటిలో ఏది పనిచేస్తుందా అని తర్జనభర్జన ఎందుకు, అన్నీ కలిపి ముద్దచేసి పట్టించండి. ఆ పైన కొమ్మని బంగాళాదుంపలో గుచ్చండి. దుంప కుళ్లి చీమలు చేరితే మట్టికి ప్రాణం వచ్చిందని సంతోషించండి.

8. నల్లరేగడిలో, పచ్చి పేడలో నాటండి. వేళ్లు లేని కొమ్మకి ఎరువు అక్కర్లేదని, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన తేలిక మిశ్రమంలో అయితే గాలి ఆడి కుళ్లకుండా ఉంటుందని చెబుతారు. అది మొక్కని పస్తులుంచడం. పచ్చి పేడ దట్టంగా వేయండి, వేడి పుట్టించి పని త్వరగా ముగిస్తుంది. కుండీ కింద బెజ్జాలుంటే మట్టితో మూసేయండి, రోజూ నీళ్లు పోసే పని తప్పుతుంది. మొదలు ఏటవాలుగా, కొస సమంగా కోసేది ఏది కిందో ఏది పైనో తెలియడానికట. మీరు రెండువైపులా ఒకేలా కోయండి. సగం తలకిందులుగా నాటినా మిగతా సగం సరిగ్గానే ఉంటాయి కదా.

9. సీసా కప్పి ఎండలో పెట్టండి. నీళ్ల సీసా అడుగు కోసి కొమ్మ మీద బోర్లిస్తే తేమ నిలుస్తుంది, అంతవరకు నిజమే. దాన్ని నీడలో పెట్టాలనేవాళ్ల మాట మాత్రం వినకండి. గులాబీకి ఎండ కావాలని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. సీసాలో ఆకులు ఉడికి నల్లబడతాయి. నల్లబడిన ఆకు రాలిపోతుంది, రాలిన ఆకుతో చీడ పోతుంది. మిద్దె మీద పడమటి గోడ పక్క చోటైతే ఇంకా శ్రేష్ఠం.

10. చిగురు కనపడిన రోజే విజయం ప్రకటించండి. నాటిన పదిహేను రోజులకే చిన్న ఎర్ర చిగురు వస్తుంది. అది కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చినదని, కింద ఇంకా వేళ్లు పుట్టలేదని, ముందు కోసిన చోట తెల్లటి కణజాలం కట్టుకుని ఆ తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాలకి వేళ్లు పడతాయని తెలిసినవాళ్లు నీరసం మాటలు చెబుతారు. మీరు అదే రోజు ఫోటో తీసి మిద్దె తోట గ్రూపులో పెట్టండి. ఎవరికైనా అనుమానం వస్తే కొమ్మని బయటికి లాగి చూపించి మళ్లీ గుచ్చేయండి. రోజూ పొద్దున్నే లాగి చూసుకోవడం అలవాటు చేసుకోండి. చైనా, టీ వంశాల కొమ్మలు ఇట్టే వేళ్లు వేస్తాయి. చలిదేశాల గాలికా, సెంటిఫోలియా గులాబీలు కొమ్మతో రావడం కష్టం, పిలకలు విడదీసి నాటితే సులువు. ఏది ఏ వంశమో కనుక్కునే శ్రమ తీసుకోకండి. అన్నిటినీ ఒకేలా లాగండి.

11. అంటు కింది పిలకనే అరుదైన రకం అనండి. అంటు కట్టిన గులాబీలో పై రకం చచ్చిపోతే, కింది వేరు మొక్క ఏపుగా లేస్తుంది. అమెరికాలో చాలా ఇళ్ల ముందు పూసే ముదురెరుపు గులాబీ ఇలా మిగిలిన ‘డాక్టర్ హ్యూయీ’. 1920లో వచ్చిన ఈ రకాన్ని వేరు మొక్కగా లక్షల్లో వాడారు. మన దేశంలో ఆ పనికి ఎడ్వర్డ్ గులాబీని వాడారు. ఇది బూర్బన్ వంశం. రీయూనియన్ దీవిలో చైనా గులాబీ, డమాస్కు గులాబీ కలిసి పుట్టిన వంశమది. తెలిసినవాళ్లు కొమ్మ ఎక్కడి నుంచి లేచిందో, అంటు ముడి పైనా కిందా అని వంగి చూస్తారు. మీరు వంగకండి, నడుము పట్టేస్తుంది. బలంగా లేచిన పిలక కోసుకొచ్చి “నవాబుల తోటలోది” అని చెప్పండి. కాదని రుజువు చేయడానికి ఇంకొకరు వంగాలి.

12. చీటీ కట్టకండి, పేరు పెట్టేయండి. దొరికిన గులాబీకి అసలు పేరు తేలేదాకా దొరికిన చోటునో, ఆ తోట సొంతదారునో తలుచుకుంటూ తాత్కాలికంగా ఒక పేరు పెట్టి, దాన్ని జంట కొటేషన్లలో రాయడం ఆనవాయితీ. 1954లో మొదలైన బెర్ముడా రోజ్ సొసైటీ వాళ్ల దీవిలో “స్మిత్స్ ప్యారిష్”, “మిస్ ఆట్‌వుడ్” అలా వచ్చిన పేర్లే. టెక్సస్‌లో “కేటీ రోడ్ పింక్” అని పిలిచింది చివరికి గ్రిఫిత్ బక్ 1977లో విడుదల చేసిన ‘కేర్‌ఫ్రీ బ్యూటీ’ అని తేలింది. దొరికిన చోటు రాసిపెట్టుకుంటే ఇలాంటి ముడులు విప్పడం సులువు. మీరు ఆ చోటే ఇవ్వకండి. కొటేషన్లు తీసేసి మీ ఇంటిపేరు పెట్టండి. రోడ్డు వేయించుకోవాలనుంటే ఎమ్మెల్యేగారి పేరు పెట్టండి. తేదీ, ఊరు, ఇల్లు రాసిన రేకు బిళ్ల కుండీకి కట్టారంటే, రేపు ఎవరైనా వెళ్లి ఆ గోడ చూసొస్తారు. కుండీలన్నీ కలగాపులగం చేయండి. అప్పుడు ఏది అడిగితే అది మీ దగ్గర ఉన్నట్టే.

గుర్తుపట్టే విషయంలోనూ ఇంతే. మొగ్గ కింది రక్షక పత్రాలు ఎలా ఉన్నాయి, ముళ్లు వంకరా నిటారా, ఆకుకి ఎన్ని రెక్కలు, కాయ పడుతుందా, ఏడాదికి ఒక్కసారి పూస్తుందా పలుమార్లా అని ఒక ఏడాది పొడుగునా చూడాలట. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందుగానే వదిలి, కొడైకెనాల్‌లో గులాబీల మీద జీవితం పెట్టిన వీరరాఘవన్ గారి లాంటివాళ్లు అలాగే చేశారు. ఆయన, ఆయన భార్య గిరిజగారు మణిపూర్ కొండల దాకా వెళ్లి అడవి గులాబీలు చూసొచ్చారు. మన నేల మీది రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో వేడిని తట్టుకునే కొత్త రకాలు తయారుచేశారు. మీకు అంత దూరం అక్కర్లేదు. మసకగా ఉన్న ఒక ఫోటో వాట్సాప్‌లో పెట్టండి, మొదట వచ్చిన జవాబే ఖాయం చేయండి.

13. సూట్‌కేసులో చీరల మధ్య తెచ్చుకోండి. అత్తమామలు ఆరు నెలలు డాలస్‌లో కొడుకు దగ్గర ఉండి తిరిగొస్తున్నారంటే అదే అదను. “అత్తయ్యగారూ, మీ పక్కింటి గులాబీ నాలుగు కొమ్మలు తెండి” అని ముందే ఫోను చేయండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డరు ప్రకారం దిగుమతి పర్మిట్టు, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కాగితాల పని మీకు పడదు కాబట్టి కొమ్మల్ని పట్టుచీర మడతల్లో దాచమనండి. డాలస్ చుట్టుపక్కల గులాబీలకి రోజ్ రోజెట్ అనే వైరసు జబ్బు బాగా పాకింది. కంటికి ఆనని నల్లి దాన్ని మోసుకెళుతుంది, పట్టిన మొక్కకి మందు లేదు. చిగుళ్లు ఎర్రబడి చీపురుకట్టలా గుబురుగా వస్తాయి, ముళ్లు విపరీతంగా లేస్తాయి. అలాంటి కొమ్మే ఏరి తెమ్మనండి. అందరి తోటలో లేనిది కావాలంటే అందరి తోటలో లేని రోగం కూడా కావాలి.

14. రెండో మొక్క చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. పాత గులాబీల లోకంలో ఒక వింత అలవాటుంది. అరుదైనది దొరికితే నలుగురికీ పంచుతారు, నాలుగు ఊళ్లలో నాటిస్తారు, ఒకచోట పోయినా ఇంకోచోట ఉండాలని. జర్మనీలో సాంగర్‌హౌసెన్ గులాబీ తోట 1903 నుంచి వేల రకాలు కాపాడుతున్నది ఇందుకే. ఆ పద్ధతి మీకు నష్టం. పదిమంది దగ్గర ఉంటే అది అరుదెలా అవుతుంది? ఎవరైనా కొమ్మ అడిగితే “వచ్చే శ్రావణంలో తప్పకుండా వదినా” అనండి. ఏ శ్రావణమో చెప్పకండి. పాత ఇల్లు కూలుస్తున్నారని, సమాధుల తోట గోడ పక్క కలుపు మందు కొడుతున్నారని తెలిస్తే నోరు మెదపకండి. అక్కడ తల్లి మొక్క పోతే మీ కుండీ విలువ పెరుగుతుంది.

సాకుల పట్టిక

ఇంత చక్కగా చేశాక కొమ్మ నల్లబడుతుంది. కంగారు పడకండి. అడిగినవాళ్లని బట్టి చెప్పాల్సింది ఇది:

– కొమ్మ ఇచ్చినావిడ వస్తే: “మీ హస్తవాసి మంచిదే పిన్నిగారూ, మా ఇంటి నీళ్లే పడలేదు.” బోరు నీళ్ల ఉప్పు గురించి పావుగంట మాట్లాడండి. అసలు ఆవిడ ఇవ్వలేదని, మీరే కోసుకున్నారని ఆవిడకి గుర్తురాకముందే టీ ఇవ్వండి.

– అత్తగారు అడిగితే: “దిష్టి తగిలింది అత్తయ్యా.” గ్రూపులో ఎంతమంది లైకులు కొట్టారో చూపించండి. దానికి మించిన సాక్ష్యం లేదు.

– గ్రూపులో అడిగితే: “కోతులు.” తెలంగాణలో ఈ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. కోస్తాలో “తుఫాను” అనండి.

– మీ ఆయన అడిగితే: “ఊరెళ్లినప్పుడు నీళ్లు పోయమన్నాను కదా.” పోశారో లేదో ఆయనకే గుర్తుండదు.

– తోటపని తెలిసినాయన వచ్చి మొదలు గీకి చూసి, లోపల పచ్చదనం లేదంటే: “నిద్రాణస్థితిలో ఉందండీ.” ఈ మాట పుస్తకం భాషలో ఉంటుంది కాబట్టి ఇంకో రెండు నెలలు గడుస్తాయి.

చివరికి కుండీ ఖాళీ అవుతుంది. ఈలోగా ఆ పాత ఇంటి స్థలంలో అపార్టుమెంటు లేస్తుంది, బావి పూడుస్తారు. ఇప్పుడే మీ అసలు లాభం మొదలవుతుంది. కడియం నర్సరీలకి వెళ్లి, వాసన ఉన్న ఏదైనా గులాబీ కవరు మొక్క ఒకటి కొనండి. చీటీ పీకేసి, పాత కుండీలో పెట్టి, ఇదే అదని చెప్పండి. పక్కన పెట్టి పోల్చడానికి అసలు మొక్క ఈ భూమి మీద ఎక్కడా లేదు. కాబట్టి మీ మాటకి ఎదురు లేదు.